దీపాల లెక్క, దూరం లెక్క

ఇంటి బయట కరెంటు పని చేయించాలనుకున్నవాళ్ళు మా పల్నాడులో ఇప్పటికీ ముందు దీపాలు లెక్కపెడతారు. "గేటుకు రెండు, ప్రహరీకి నాలుగు, దొడ్లో ఒకటి. మొత్తం ఏడు పాయింట్లు. ఎంత తీసుకుంటావు మేస్త్రీ?" నరసరావుపేటలోనైనా, గురజాలలోనైనా, మాచర్ల శివారులోనైనా అడిగే తీరు ఇదే. ఈ లెక్క తప్పు. ఇంటి లోపల సరిపోయే లెక్క గడప దాటాక సరిపోదు. అయినా అది ఇంత గట్టిగా నాటుకుపోవడానికి కారణం ఉంది. దీపానికింత అనే లెక్క మా ప్రాంతానికి కరెంటు కంటే ముందే వచ్చింది. మా నాయన ఆ లెక్కతోనే సంసారం ఈదాడు. నేను ఆ లెక్కతోనే పనిలోకి దిగి, ఆ తర్వాత బతుకంతా దానితో పోట్లాడుతూ వచ్చాను.

మా నాయనది నరసరావుపేటలో పెట్రోమాక్స్ లైట్ల అద్దె కొట్టు. జర్మనీలో పుట్టిన ఆ కిరసనాయిలు దీపాన్ని మా వైపు గ్యాసులైటు అనేవాళ్ళు. ట్యాంకులో నూనె పోసి, పంపుతో గాలి కొట్టి, మాంటిల్ ముట్టిస్తే పెళ్ళిపందిరి మొత్తం తెల్లబడేది. పెళ్ళి ఊరేగింపుకు ఆరు, నాటకానికి నాలుగు, జాతరకు పది అని జనం అడిగేవాళ్ళు. లైటుకింత, రాత్రికింత అని రేటు. మాంటిల్ రాలిపోతే దాని ఖరీదు వేరు, లైటు మోసే మనిషి కూలి వేరు. ఆ లెక్కలో దూరానికి చోటు లేదు. ఎందుకుంటుంది? మనిషి నెత్తిన పెట్టుకుని ఎక్కడికి నడిస్తే వెలుగు అక్కడికి వెళ్తుంది. సాతులూరులో పెళ్ళయినా నకరికల్లులో తిరునాళ్ళయినా లైటు అద్దె ఒకటే, బండి కిరాయే మారేది. కల్లాల కాలంలో మిరపకాయలు ఎండబోసుకున్న రైతులు కాపలాకు ఒక లైటు తీసుకెళ్ళేవాళ్ళు. వాళ్ళకూ అదే రేటు. ఆ వ్యాపారానికి అది నికరమైన, న్యాయమైన లెక్క.

కరెంటుకు కాళ్ళు లేవు. అది తీగ వెంట మాత్రమే వస్తుంది, ప్రతి అడుగుకూ ఖర్చు అడుగుతుంది. అయినా జనం దాన్ని కూడా గ్యాసులైటు లాగే లెక్కపెట్టారు.

కరెంటు మా వైపుకు వచ్చిన వరస చెప్పాలి. కోస్తా జిల్లాలకు పెద్ద ఎత్తున జలవిద్యుత్తు వచ్చింది మాచ్‌ఖండ్ నుంచి. ఒడిశా సరిహద్దులో కట్టిన ఆ కేంద్రం 1955లో మొదలైంది. అదే ఏడాది డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న పుట్టింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగరు కాలువలకు నీళ్ళు వదిలింది. కుడి కాలువ మాచర్ల, గురజాల, వినుకొండ, నరసరావుపేట తాలూకాల బతుకు మార్చింది. నీళ్ళొచ్చాక పంట, పంటొచ్చాక డబ్బు, డబ్బొచ్చాక సున్నం పూసిన ఇల్లు, ఆ ఇంటికి కరెంటు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడి బోర్డులకు అప్పులివ్వడం మొదలయ్యాక ఊళ్ళలోకి స్తంభాలు వేగంగా దిగాయి.

స్తంభం దిగింది సరే, ఇంటి దాకా తీగ ఎవరి ఖర్చు? అప్పట్లో దీనికి జవాబు 1910 నాటి విద్యుత్ చట్టంలోనే ఉండేది. సరఫరా లైను నుంచి 100 అడుగుల దాకా, అదీ వీధిలో ఉన్నంత వరకు, సర్వీసు తీగ ఖర్చు సరఫరా చేసేవాళ్ళది. 100 అడుగులు దాటిన భాగం, ఇంకా ఇంటివాళ్ళ స్థలంలోకి వచ్చిన భాగం ఇంటివాళ్ళది. తెల్లదొరల కాలంలో పట్నాల కోసం రాసిన ఈ నియమం మా పల్లెల్లోకి వచ్చేసరికి ఊరి నక్షా మీద గీత గీసింది. పెద్దవీధిలో ఇళ్ళు 100 అడుగుల లోపే ఉండేవి. ఊరికి ఎడంగా, కాలువ అవతలో చెరువు కింద పక్కో ఉన్న వాడలు ఆ గీతకు బయట పడ్డాయి. ప్రభుత్వాలు వాడలకు ప్రత్యేకంగా లైన్లు వేయించేదాకా అక్కడి మనిషి ఒక బల్బు కోసం రెండు స్తంభాల ఖర్చు గురించి ఆలోచించాల్సి వచ్చింది. దీపానికింత అనే లెక్క ఎంత అబద్ధమో నాకు మొదట తెలిసింది అక్కడే. పెద్దవీధిలో ఒక దీపం, వాడలో ఒక దీపం. దీపం ఒకటే, ఖర్చు ఒకటి కాదు.

తొలిరోజుల్లో మా ఊళ్ళలో ఇళ్ళకు వైరింగు చేసినవాళ్ళు చాలామంది వడ్రంగులు. పని అంతా కర్రపని కాబట్టి. గోడకు రంధ్రం కొట్టి, చెక్క బిరడా దిగేసి, సున్నంతో బిగించి, దాని మీద టేకు బద్ద మరలతో కొట్టాలి. బద్ద మీద రబ్బరు తొడుగు తీగ పరిచి రేకు క్లిప్పులు మడవాలి. తూటు సరిగా లేకపోతే బద్ద వంకర పోతుంది, వంకర పోతే ఇంటాయన ఊరుకోడు. నాకు పని నేర్పిన గురువు కూడా వడ్రంగే. ఆయన తండ్రి తరం దాకా వడ్రంగికీ కమ్మరికీ కుమ్మరికీ కల్లం మీద గింజలు కొలిచి ఇచ్చే మేర ఉండేది. నాగలి చెడితే డబ్బు అడగరు, పంటకు వాటా తీసుకుంటారు. కరెంటు పని ఆ వరసలో చేరలేదు. ఊళ్ళో మేర లేని మొదటి చేతిపని ఇదేనని మా గురువు చెప్పుకునేవాడు. కొందరు రైతులు మాత్రం పాత అలవాటు కొద్దీ, "పంట రానీ, కల్లం మీద చూసుకుందాం" అనేవాళ్ళు. కూలి బదులు బస్తా మిరపకాయలు ఇంటికి మోసుకెళ్ళిన రోజులు మా గురువుకు ఉన్నాయి. ధర పడిపోయిన ఏడాది ఆ బస్తా సామాను కొట్టు బాకీకి కూడా చాలేది కాదు. అందుకే రొక్కం రేటు కావాల్సి వచ్చింది. అదే పాయింటు రేటు.

ఇంటి లోపల పాయింటు రేటు మంచి పద్ధతి. గది పది పన్నెండు అడుగులు ఉంటుంది. స్విచ్చు బోర్డు నుంచి దీపానికి పట్టే తీగ, బద్ద, క్లిప్పులు ఇంటింటికీ పెద్దగా మారవు. కాబట్టి దీపం, స్విచ్చు, మధ్య తీగ కలిపి ఒక పాయింటు అనుకుని రేటు కడితే ఇద్దరికీ తగాదా ఉండదు. గది లోపల వాన కురవదు, ఎండ కాయదు, గొడ్డు తొక్కదు, నేల తవ్వే పని లేదు. గడప దాటగానే ఈ నాలుగూ వస్తాయి.

మా గురువు బయటి పనికి వెళ్ళినప్పుడు రేటు చెప్పడానికి ముందు రెండు పనులు చేసేవాడు. ఒకటి, మీటరు దగ్గర నుంచి దీపం పెట్టే చోటుదాకా అడుగులో అడుగు వేసి నడిచేవాడు. రెండు, ఇంటాయన్ని గునపం అడిగి తీసుకుని దొడ్లో మూడు చోట్ల గట్టిగా పొడిచేవాడు. గునపం జానెడు దిగిందా, మూరెడు దిగిందా, ఠంగుమని వెనక్కు ఎగిరిందా చూసి అప్పుడు లెక్క మొదలుపెట్టేవాడు. "నేల చెప్పిందాకా నేను చెప్పనయ్యా" అనేవాడు ఇంటాయనతో. నాకు తెలిసినంతలో పల్నాడులో బయటి పనికి ఇంతకంటే సరైన అంచనా పద్ధతి లేదు.

ఎందుకంటే మాది ఒక నేల కాదు, రెండు. నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టూ నల్లరేగడి. పిడుగురాళ్ళ దాటి దాచేపల్లి, గురజాల, మాచర్ల వైపు వెళ్ళేకొద్దీ సున్నపురాయి, నాపరాయి. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు, మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ ఉన్నది ఆ రాయి వల్లే. ఈ రెండు నేలలూ కరెంటు పనివాడిని రెండు రకాలుగా ఏడిపిస్తాయి.

రేగడిలో తవ్వడం తేలిక. వానాకాలం తర్వాత ఒక మనిషి పూట తిరిగేసరికి చాలా దూరం గాడి తీస్తాడు. కానీ ఆ నేల నిలకడ లేనిది. వానకు ఉబ్బుతుంది, ఎండకు చిట్లుతుంది. మే నెలలో చేయి దూరేంత నెర్రెలు. పైపు ఒక నెర్రె మీదుగా పోతే కీలు దగ్గర ఊడిపోతుంది, తొలకరికి అందులోకి నీళ్ళు దిగుతాయి. గేటు పక్కన పాతిన ఇనుప గొట్టం రెండేళ్ళలో పక్కకు వాలుతుంది. అందుకని రేగడిలో తవ్వే కూలి తక్కువైనా కాంక్రీటు దిమ్మెకూ, కీళ్ళ దగ్గర వదులుగా వదిలే తీగకూ ఖర్చు కలపాలి. అది తెలియని మనిషి తక్కువ చెప్పి పని పట్టుకుంటాడు, ఇంటాయన రెండేళ్ళకు మళ్ళీ కడతాడు.

రాతినేలలో పైపు కదలదు, కానీ గాడే పడదు. మట్టి అడుగున్నర, రెండడుగులు, కింద పలకరాయి. సుత్తి, శానం పట్టుకుని కూర్చున్న మనిషి పొద్దుగూకేసరికి ఎంత దూరం వెళ్ళాడన్నది రాయి దయ. నేల కింద తీగ వేయాలంటే రెండున్నర అడుగుల లోతు ఉండాలని నియమం. మాచర్ల వైపు ఆ లోతు తీయించగలిగినవాళ్ళు తక్కువ. అందుకే అక్కడ తీగను ప్రహరీ గోడ వెంటే పైపులో పోనిస్తారు. గోడ నాపరాళ్ళదైతే రంధ్రం వేయడం ఒక పని, రాయి పగలకుండా వేయడం ఇంకో పని. పాతకాలపు నాపరాళ్ళ ఇళ్ళలో ఒక్క రంధ్రం తప్పుగా పడి పలక నిలువునా చీలితే ఆ పలక ఖరీదు మేస్త్రీ మీదే పడేది. కాబట్టి ఆ ప్రాంతం పనివాళ్ళు పాయింటుకు కాకుండా రోజుకూలికే మొగ్గు చూపారు. నరసరావుపేట వాళ్ళు దాన్ని బద్ధకం కింద జమకట్టేవాళ్ళు. రాయి మీద పనిచేసి చూసినవాడెవడూ ఆ మాట అనడు.

ఇక ఎండ. రాష్ట్రంలో ఎండలు మండే ఊళ్ళ పేర్లు చెప్పేటప్పుడు మా రెంటచింతల పేరు రాకుండా ఉండదు. ఆ ఎండలో డాబా మీద పరిచిన మామూలు పీవీసీ తీగ తొడుగు కొన్నేళ్ళకు పెళుసెక్కి, వేలితో వంచితే పొరలుగా రాలుతుంది. లోపల గదిలో అదే తీగ తరం గడిచినా చెక్కుచెదరదు. బయటికి మందపు తొడుగు కేబులో, పైపులో పోసిన తీగో వాడాలి. దాని ధర ఎక్కువ. అంచనాలో ఈ తేడా చూపించినప్పుడల్లా, "ఇదీ తీగే, అదీ తీగే కదా అబ్బాయ్" అనే పెద్దలు ఉన్నారు. వాళ్ళతో వాదించేకంటే రాలిపోయిన పాత తొడుగు ముక్క జేబులోంచి తీసి చూపించడం మేలని నేర్చుకున్నాను.

తీగ గురించి ఇంకో చరిత్ర ఉంది. 1960ల్లో దేశంలో రాగి కొరత. బయటి దేశాల నుంచి తెప్పించుకోవాల్సిన లోహం కాబట్టి ఇళ్ళ వైరింగుకు అల్యూమినియం వచ్చింది. మా తరం పని నేర్చుకున్నది ఆ తీగ మీదే. చవక, తేలిక. కానీ గాలి తగిలితే దాని మీద పొర కడుతుంది, మర కింద నలుగుతుంది, వదులవుతుంది, వేడెక్కుతుంది. లోపల పొడిగా ఉన్నంత కాలం నెట్టుకొచ్చింది. బయట, వానలో, బావి దగ్గర కీళ్ళన్నీ దానివల్లే మాడాయి. పైగా దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ తినేస్తుంది. ఒక హెచ్‌పీ మోటారు ఏడు ఆంపియర్ల దాకా లాగుతుందనుకుందాం. మీటరు నుంచి 200 అడుగుల దూరంలో బావి. 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ వేస్తే పోనూ రానూ 400 అడుగుల తీగలో పది వోల్టులు పోతాయి. అదే మందం రాగి అయితే ఆరు. మోటారు ఆడుతున్నప్పటి లెక్క ఇది. మొదలయ్యే క్షణంలో అది అయిదారు రెట్లు లాగుతుంది, అప్పుడు అల్యూమినియంలో పోయేది యాభై వోల్టుల పైమాటే. సాయంత్రం పూట లైనులోనే 180 వోల్టులు ఉన్న ఊళ్ళో ఇక మోటారు గూమని మూలగడమే తప్ప తిరగదు. ఇంటాయన మోటారు చెడిందని విప్పించి చుట్టిస్తాడు. చెడింది మోటారు కాదు, అంచనా. దూరం కొలవకుండా, "ఒక మోటారు పాయింటు" అని రాసిన కాగితం.

మోటార్లు మా వైపు విరివిగా పెరిగింది 1983 తర్వాత. రామారావు ప్రభుత్వం వ్యవసాయ మోటారుకు ఏడాదికి హెచ్‌పీకి 50 రూపాయల చొప్పున శ్లాబు రేటు పెట్టింది. 2004 మే 14న రాజశేఖరరెడ్డి ప్రమాణస్వీకారం చేసి ఉచిత విద్యుత్తు దస్త్రం మీద తొలి సంతకం పెట్టాడు. ఈ రెండు తేదీల మధ్య పల్నాటి కరెంటు పనివాళ్ళ బతుకు చేనుకూ దొడ్డికీ మధ్యే నడిచింది. చేలో మోటారు బిగించడానికి వెళ్ళినవాడినే రైతు ఇంటికి తీసుకొచ్చి, గొడ్ల చావిట్లో ఒక దీపం, గడ్డివామి దగ్గర ఒక దీపం పెట్టమనేవాడు. మిగిలిన తీగ ముక్కలతో, మిగిలిన పొద్దులో చేసిన పని అది. దానికి విడిగా అంచనా లేదు, కూలి లేదు, భోజనం పెట్టి పంపేవాళ్ళు. ప్రేమగానే పెట్టేవాళ్ళు, కాదనను. కానీ ఇంటి బయటి పనికి విలువ లేదన్న అలవాటు అక్కడ బలపడింది. గడ్డివామి దగ్గర అతుకుల తీగ ఎంత ప్రమాదమో ఎవరూ లెక్కించలేదు.

మా ప్రాంతంలో బయటి కరెంటు పనికి దర్జా దక్కిన చోటు ఒకటే, కోటప్పకొండ. మహాశివరాత్రికి త్రికోటేశ్వరస్వామి తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళు ప్రభలు కట్టుకుని వస్తాయి. కావూరు, పురుషోత్తమపట్నం, మద్దిరాల, యడవల్లి, కమ్మవారిపాలెం లాంటి ఊళ్ళ విద్యుత్ ప్రభలు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆకాశమంత ఎత్తున లేచిన చట్రం, దాని నిండా రంగుల దీపాలు, కింద జనరేటరు. అవి కదిలే దారిలో అడ్డొచ్చే కరెంటు తీగలను సిబ్బంది విప్పి, ప్రభ దాటాక మళ్ళీ కడతారు. మా కుర్రతనంలో ఆ దీపాలన్నీ సీరియల్ సెట్లు. ఆరు వోల్టుల చిన్న బల్బులు 38 వరసగా కలిపితే 228 వోల్టులు, అంటే ఇంటి కరెంటుకు సరిపోయే ఒక సెట్టు. అందులో ఒకటి పోతే మొత్తం ఆరిపోతుంది. ఊగే చట్రం మీద, అర్ధరాత్రి, ఆరిన సెట్టులో పోయిన బల్బు వెతికి పట్టుకోవడం నేర్చుకున్నవాడు ఏ ఇంటి పనికైనా పనికొస్తాడు. పల్నాడులో మంచి కరెంటు మేస్త్రీలు చాలామంది ప్రభల దగ్గర చేయి తిరిగినవాళ్ళే.

ప్రభకు అంచనా కట్టే తీరు చూడండి. ఊరి పెద్దలు, కుర్రాళ్ళు కూర్చుని చట్రం ఎత్తు, వెడల్పు, దారి ఎంత దూరం, ఎన్ని రాత్రులు, జనరేటరు ఎంత, గాలికి తీగలు తెగితే ఎవరి పూచీ అన్నీ మాట్లాడుకుని గుత్తకు ఇస్తారు. ఇప్పుడు ఆ ఖర్చు లక్షల్లో నడుస్తుంది. దీపానికింత అని ఎవరూ అడగరు. అదే పెద్దలు మర్నాడు తమ ఇంటి ప్రహరీకి వచ్చేసరికి మళ్ళీ దీపాలు లెక్కపెడతారు. దేవుడి పనికి చూపిన శ్రద్ధ పిల్లలు తిరిగే దొడ్డికి కూడా చూపాలని నా వాదన. తిరునాళ్ళ తర్వాత మిగిలిన సీరియల్ తీగను తెచ్చి గేటు మీద మేకులు కొట్టి ఏడాది పొడవునా వదిలేసే అలవాటు కూడా మా వైపు ఉంది. ఆ తీగ రెండు రాత్రుల కోసం చేసింది. దయచేసి విప్పేయండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. మా గురువు కాగితం మీద అంచనా రాస్తే చివరి వరస ఎప్పుడూ ఎర్తు గుంట. ఇంటాయన ఆ కాగితం తీసుకుని మొదట కొట్టేసే వరసా అదే. దీపం వెలుగుతుంది, మోటారు నీళ్ళు పోస్తుంది, గుంట ఏం చేస్తుంది? ఏమీ చేయదు, కనపడదు. అందుకే కొట్టేస్తారు. నేను పనిలో ఉన్న కాలమంతా ఈ ఒక్క వరస కోసం జరిగిన బేరం ఇంక దేనికీ జరగలేదు.

గుంట లేని ఇంట్లో ఏమవుతుందో పల్లెల్లో చాలామందికి తెలుసు. సర్వీసు తీగను మోయడానికి డాబా మీద ఇనుప గొట్టం నిలబెడతారు. ఆ తీగ కింద వీధిలో గడ్డి ట్రాక్టరు, మిరప బస్తాల లారీ పోవాలి కాబట్టి 1956 నాటి విద్యుత్ నియమాలు వీధి దాటే తీగకు 5.8 మీటర్లు, అంటే 19 అడుగుల ఎత్తు పెట్టాయి. అంత ఎత్తు గొట్టం గట్టిగా నిలబడి ఉంటుంది, దండెం కట్టుకోవడానికి అనువుగా కనపడుతుంది. ఇనుప తీగతో దండెం కడతారు. తొలకరిలో సర్వీసు తీగ తొడుగు చిట్లి గొట్టానికి తగులుతుంది. తడి బట్టలు ఆరేయడానికి వెళ్ళిన ఆడమనిషి చేయి దండేనికి తగులుతుంది. ఎర్తు ఉంటే ఆ కరెంటుకు నేలలోకి వేరే దారి ఉంటుంది, ఫ్యూజు పోవడానికి అవకాశం ఉంటుంది. లేకపోతే ఆ దారి మనిషే. ఇలా పోయినవాళ్ళ ఇళ్ళకు నేను వెళ్ళాను. వాళ్ళ అంచనా కాగితాల్లో ఆ చివరి వరస కొట్టేసి ఉండటం చూశాను. దాని గురించి ఇంతకంటే రాయలేను.

గుంటకు కొలతలున్నాయి. భారత ప్రమాణాల సంస్థ ఎర్తింగు మీద 1966లో ఒక ప్రమాణం తెచ్చింది, 1987లో సవరించింది. గాల్వనైజ్ చేసిన గొట్టం లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. లోతు రెండున్నర మీటర్లు, అంటే ఎనిమిది అడుగుల పైచిలుకు. గోడకు అయిదడుగుల ఎడంగా ఉండాలి. మా నేల చూసి రాశారా అనిపించే మాట కూడా అందులో ఉంది. కింద రాయి తగిలి గొట్టం నిలువుగా దిగకపోతే, పొడవు తగ్గించకుండా, 30 డిగ్రీలకు మించకుండా వాల్చి పాతవచ్చు. మాచర్ల, గురజాల వైపు చాలా ఇళ్ళలో రాయి తగలగానే గొట్టాన్ని మూడడుగులకు కోసి పాతేస్తారు. కోయాల్సిన పని లేదు, వాల్చితే చాలు. అయినా రాయి మరీ పైనే ఉంటే ఆ చోటు వదిలి దొడ్లో మెత్తని జాగా వెతకాలి. గునపం పొడిచి చూసేది అందుకే. గొట్టం చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలుగా వేసి పైన నీళ్ళు పోయడానికి గరాటు పెట్టాలి. రేగడి నేల ఎండాకాలంలో గొట్టాన్ని వదిలేసి పక్కకు జరుగుతుంది, సందు ఏర్పడుతుంది. ఆ రెండు నెలలు నీళ్ళు పోయకపోతే గుంట ఉన్నా లేనట్టే.

ఈ మధ్యలో బోర్డు పోయింది. 1999లో జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది, తర్వాత పంపిణీ సంస్థలొచ్చాయి. మా బిల్లుల మీద తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం పేరుండేది, 2020 నుంచి విజయవాడ కేంద్రంగా ఉన్న మధ్య డిస్కం పేరు వస్తోంది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. శివార్లలో వెంచర్లు, ప్రతి ఇంటికీ ప్రహరీ, గేటు, బోరు, కెమెరాలు. ఎల్‌ఈడీలు వచ్చాక 60 వాట్ల బల్బు చోట 9 వాట్ల దీపం వెలుగుతోంది. కాబట్టి దీపాల తీగ సన్నదైనా సరిపోతుంది. దీపం చవకైంది, పాయింటు చవకైంది. తవ్వకం, పైపు, గుంట చవక కాలేదు. పాత లెక్క అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ తప్పు.

నేను ఇప్పుడు అంచనా ఎలా రాస్తానో చెబుతాను. అయిదు సెంట్ల స్థలం, నరసరావుపేట శివారు, రేగడి నేల అనుకోండి. కాగితం మీద మొదటి వరస గుంట. మా గురువు చివర రాసేవాడు, నేను మొదట రాస్తాను, కొట్టేయడానికి ఇంటాయనకు చేయి రాకుండా. రెండో వరస దూరం. మీటరు నుంచి గేటుకు, గేటు నుంచి ప్రహరీ మూలలకు, మూల నుంచి బోరుకు టేపు పట్టి కొలిచిన అడుగులు. మూడో వరస నేల. ఎంత దూరం తవ్వాలి, ఎంత దూరం గోడ వెంట పోవాలి. నాలుగో వరసలో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు. బయటి తీగలన్నీ దాని వెనక నుంచే పోవాలి. దీపాలు, స్విచ్చులు ఆ తర్వాత. కూలి పాయింటుకు రాయను, రోజులకు రాస్తాను. ఇప్పుడు మా ఊళ్ళో మంచి మేస్త్రీకి రోజుకు 900 నుంచి 1000, తోడు మనిషికి 600 దాకా నడుస్తోంది. అలాంటి ఇంటికి ఇద్దరికీ మూడు రోజుల పని, అంటే కూలి 4500 నుంచి 4800. తవ్వే మనిషి, గుంట తీసే మనిషి విడి. ఇదే ఇల్లు గురజాలలో ఉంటే కరెంటు కూలి మారదు, తవ్వకం కూలి మాత్రం దాన్ని దాటిపోవచ్చు. సామాను ధర రాగితో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి తేదీ వేసి, పది రోజుల వరకే అని రాస్తాను. సామాను ఇంటివాళ్ళే కొనుక్కుంటే ఇంకా మంచిది. కొట్టువాడిచ్చిన చీటీ వాళ్ళ దగ్గరే ఉంటుంది, మాట రాదు.

ఇద్దరు మేస్త్రీల దగ్గర అంచనా తీసుకుని తక్కువ చెప్పినవాడికి ఇవ్వడం మామూలే. అందులో తప్పు లేదు. కానీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఏ వరస వల్ల తగ్గిందో చూడండి. కూలి వల్ల తగ్గితే తీసుకోండి. తీగ మందం వల్ల తగ్గితే అడగండి. గుంట వల్ల తగ్గితే ఆ కాగితం వెనక్కి ఇచ్చేయండి. పనివాడికి వైర్‌మ్యాన్ పర్మిట్ ఉందా అని కూడా అడగండి. అడిగితే నొచ్చుకునే మేస్త్రీ పని మనకొద్దు.

గుంట ఉన్న ఇళ్ళవాళ్ళు ఉగాది నుంచి తొలకరి దాకా వారానికొకసారి దాంట్లో రెండు బిందెల నీళ్ళు పోయించండి. దండెం ఇనుప తీగతో కట్టి ఉంటే ఇవాళే విప్పి నైలాన్ తాడు కట్టండి.